ఎండాకు తెగులు వెనకున్న ప్రోటీన్

తిరువూరు వైపు వరి రైతులకు బాక్టీరియా ఎండాకు తెగులు తెలిసిందే. ఆకు కొస నుంచి అంచుల వెంట అలలుగా పసుపు దిగుతుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద జిగురు బొట్లు. ఆ జిగురు నిండా జాంథోమోనాస్ బాక్టీరియానే.

ఈ బాక్టీరియా వరి కణంలోకి పంపే ప్రోటీన్లలో ఒకటి పీటీహెచ్‌ఎక్స్‌ఓ1. డీఎన్ఏను పట్టుకున్న దాని రూపం 2012లో ఎక్స్-రేల సాయంతో బయటపడింది. సుమారు 34 అమైనో ఆమ్లాల ముక్క మళ్లీ మళ్లీ వస్తూ, పందిరి గుంజను చుట్టుకున్న తీగలా డీఎన్ఏను చుట్టేస్తుంది. ఒక్కో ముక్క డీఎన్ఏలోని ఒక్కో అక్షరాన్ని గుర్తుపడుతుంది. ఆ అక్షరాన్ని తాకేది ముక్కలోని 13వ అమైనో ఆమ్లం. ఎంత పొందిక! పట్టు కుదిరితే వరిలో చక్కెరను కణం బయటికి పంపే జన్యువు మేల్కొంటుంది, తెగులు ముదురుతుంది.

ఎక్స్‌ఏ13 జన్యువున్న వరిలో ఆ ప్రోటీన్ పట్టుకునే చోట డీఎన్ఏ అక్షరాలు వేరు, పట్టు చిక్కదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు దాన్ని మరో రెండు జన్యువులతో కలిపి మన సాంబమసూరిలోకి తెచ్చారు.