చిన్న వృత్తిసంఘముల నిలువ ధనము

ఉపాధ్యాయులు, వైద్యులు మొదలగు వృత్తులవారి చిన్న సంఘముల లెక్కలు తనిఖీ చేయుట నాకు వాడుక. లాభాపేక్ష లేని సంఘము చేత పైకముండరాదని అచ్చట కొందఱు వాదింతురు. చట్టమట్లు చెప్పలేదు. 1860 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము 14వ సెక్షను ప్రకారము, సంఘము రద్దయినపుడు అప్పులు తీర్పగా మిగిలిన సొత్తును సభ్యులు పంచుకొనరాదు. మఱియొక సంఘమున కీయవలెను. అనగా మిగుల్చుట దోషము గాదు, పంచుకొనుటయే దోషము. సహకార సంఘములకు 1912 నాటి చట్టము మఱింత గట్టిగా చెప్పినది: నికరలాభములో నాల్గవవంతయినను నిలువనిధికి చేర్చినగాని సభ్యులకు పంచగూడదు.

ఒక సంఘమున 200 మంది సభ్యులు, తలకు ఏటికి 300 రూపాయల చందా అనుకొందము. రాబడి 60,000. గది అద్దె, గుమాస్తా జీతము, తపాలా, వార్షికసభ కలిసి 54,000. మిగులు 6,000. చందాలు ఆలస్యముగా వచ్చును. గుమాస్తా ఆకలి ఆలస్యము చేయదు. కావున ఆఱునెలల ఖర్చు, అనగా 27,000, చేత నుండుట మేలని నా యభిప్రాయము. ఆ మొత్తము కూడుటకు నాలుగున్నరయేండ్లు పట్టును.

అంత ఓపిక లేక పలువురు శాశ్వత సభ్యత్వమను దారి త్రొక్కుదురు. నూఱుమంది తలకు 3,000 చొప్పున ఒక్కసారి చెల్లింతురు. మూడులక్షలు! కార్యవర్గమునకు కన్నులు చెదరును. రజతోత్సవము, శాలువలు, విందులు. విత్తనపు వడ్లు దంచి పెండ్లివారికి వండినట్లగును. మఱుసటి యేటినుండి ఆ నూఱుమంది చందా 30,000 రాదు. ఖర్చు మాత్రము 54,000 అట్లే యుండును.

ఆ మూడులక్షలను ముట్టక బ్యాంకులో నుంచినను, నూటికి ఆఱు వడ్డీకి 18,000 మాత్రమే వచ్చును. ఏటేట 12,000 తక్కువ. ఆ వడ్డీకి చందా సరిపోవలెనన్న సభ్యత్వరుసుము 5,000 ఉండవలసినది. ధరల పెరుగుదల లెక్కించిన నదియు చాలదు. ఈ గుణకారమును రుసుము నిర్ణయించు దినముననే చేయవలెను.

మీలో అనేకులు ఊరి పఠనమందిరమునకో, యువజన సంఘమునకో పెద్దలుగా నుందురు. శాశ్వత సభ్యుల సొమ్మునకు వేఱు పాసుపుస్తక ముంచుడు. సర్వసభ్య సమావేశపు తీర్మానము లేనిదే అందుండి రూపాయి తీయరాదని నిబంధన వ్రాయింపుడు. వార్షికసభలో కోశాధికారి రెండు పుస్తకముల నిలువలను కలిపి చదువబోయినచో, విడివిడిగా చదువుమని యడుగుడు.