సాధన వివరణము: ఒక గద్య ప్రక్రియ



ఈ వచన రచనా గోష్ఠిలో కావ్య నాటక నవలాదులను గూర్చి మీలో పలువురు ప్రసంగింపనున్నారు గనుక, నేను వానిని వదలి, హైదరాబాదు మొదలగు నగరములలో మన బిడ్డలెందరో ప్రతిదినము వ్రాయుచున్నను ఇంతవరకు ఎవ్వరును రచనగా గణింపని యొక గద్యమును మీ సమక్షమునకు దెచ్చుచున్నాను. కృత్రిమ మేధతో పనిచేయు ఏజెంట్లకు మనమప్పగించు సాధనముల, అనగా టూల్స్ యొక్క, వివరణమే ఆ గద్యము.

ఉదాహరణమునకు వినియోగదారుల సేవను చూడుడు: వినియోగదారుని ఫిర్యాదు టికెట్ రూపమున సంస్థకు చేరును. పూర్వము సపోర్టు ఉద్యోగి దానిని విప్పి చూచి, సందేహము కలిగినచో ప్రక్క బల్లవారిని అడిగి, పరిష్కరించుచుండెను. నేడా పనిలో కొంత భాగము ఏజెంటుకు సంక్రమించినది. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ ఫంక్షన్ కాలింగ్ అను పద్ధతిని, 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను వెలువరించిన పిమ్మట ఈ మార్గము విశాలమైనది. రెండింటను ప్రతి సాధనమునకు ఒక పేరు, ఒక వివరణము, అది కోరు విలువల పట్టిక యుండును. సాధనము వెనుకనున్న ప్రోగ్రామును ఏజెంటు సామాన్యముగా చూడదు. అడుగుటకు ప్రక్క బల్ల దానికి లేదు. మనము వ్రాసియిచ్చిన ఆ నాలుగు వాక్యములే దానికి గురువును, గ్రంథమును.

జెండెస్క్ అను ప్రసిద్ధమైన టికెట్ వ్యవస్థను గైకొందము. అందు టికెట్‌కు చేర్చు వ్యాఖ్య రెండు విధములు: వినియోగదారునకు చేరు పబ్లిక్ రిప్లై యొకటి, సిబ్బంది మాత్రమే చూచు ఇంటర్నల్ నోట్ మరియొకటి. ఈ భేదమును చెప్పక ‘టికెట్‌కు వ్యాఖ్య చేర్చును’ అని మాత్రము వ్రాసి విడిచినచో, తోడి ఉద్యోగి కొరకు ఏజెంటు వ్రాసిన ‘ఈ ఖాతాదారు చెప్పునది నమ్మదగినదిగా లేదు’ అను మాట ఆ ఖాతాదారు ఈమెయిల్‌కే చేరవచ్చును. టికెట్ స్థితుల పేర్లకును ఇట్టి వివరణమే కావలెను. పెండింగ్ అనగా వినియోగదారుని జవాబునకై నిరీక్షణము. ఆన్-హోల్డ్ అనగా వినియోగదారుడు గాక మరియొకరినుండి రావలసిన సమాచారమునకై నిరీక్షణము. క్లోజ్డ్ అయిన టికెట్‌ను మరల తెరువ వీలులేదు, దానికి అనుబంధముగా క్రొత్తది సృష్టింపవలసినదే.

వీనికన్న సూక్ష్మమైనది ట్యాగుల, అనగా టికెట్‌కు తగిలించు గుర్తుమాటల, విషయము. టికెట్‌ను సవరించునపుడు పంపిన ట్యాగుల జాబితా పాతవానితో కలియదు, పాతవానిని తొలగించి తాను నిలుచును. ‘రీఫండ్’ అను ఒక్క ట్యాగును చేర్చబోయిన ఏజెంటు, అంతకుముందున్న ‘అత్యవసరము’ అను ట్యాగును తెలియకయే చెరిపివేయును. ఆ ట్యాగును చూచి టికెట్‌ను తగిన విభాగమునకు పంపవలసిన ట్రిగ్గరు, అనగా స్వయంచాలక నియమము, కదలదు. ఎచ్చటనో ఒక వినియోగదారుడు రాని జవాబునకై ఎదురుచూచుచుండును. ఇందు యంత్రమును నిందింపవలదు. ‘పంపిన జాబితా ఉన్నదానిని పూర్తిగా మార్చివేయును, ముందు టికెట్‌ను చదివి, పాత ట్యాగులను గూడ కలిపి పంపుము’ అను వాక్యమును వ్రాయనివాడే బాధ్యుడు.

మన మీమాంసకులు విధివాక్యమును విచారించునపుడు ఏమి చేయవలెనన్నంతతో తృప్తి నొందక, ఎవ్వడధికారి, దేనిచేత, ఏ క్రమమున, ఏ ఫలమునకై యని ప్రశ్నించి, నిషేధమును వేరుగా విచారించిరి. సాధన వివరణమునకు ఇంతకంటె తగిన శాస్త్రము నాకు కనబడదు. నేటి వివరణములు పెక్కింటియందు విధి కొంత కలదు గాని నిషేధము కొరవడును. ‘టికెట్ సంఖ్య తెలిసియున్నచో ఈ వెదకు సాధనమును వాడక, టికెట్‌ను నేరుగా తెచ్చు సాధనమును వాడుము, క్రొత్త టికెట్ వెదకులాటలో కనబడుటకు కొన్ని నిమిషములు పట్టవచ్చును గనుక, కనబడనంతమాత్రమున మరియొకటి సృష్టింపకుము’ అని వ్రాసినచో, ఒకే ఫిర్యాదునకు మూడు టికెట్లు పుట్టు అవస్థ చాలవరకు తప్పును.

అట్లని పుటలకొలది వ్రాయుటయు దోషమే; సాధారణముగా ప్రతి సంభాషణలోను ఏజెంటు ఆ వివరణములన్నిటిని మోయవలసియుండును. ఇక సొమ్ము వాపసు చేయుట, టికెట్‌ను తొలగించుట వంటి పనులకు ఎంత గట్టి హెచ్చరిక వ్రాసినను చాలదు. మనుష్యుని అనుమతి లేనిదే అవి జరుగకుండ ప్రోగ్రాములోనే కట్టడి యుండవలెను.

సాఫ్ట్‌వేరు రంగమునందలి మిత్రులకు నా విజ్ఞప్తి యిది. వివరణము వ్రాయు పనిని విడుదలకు ముందటి రాత్రికి వదలకుడు. మీ వ్యవస్థ నెరుగని యొకరికి వివరణములు మాత్రమిచ్చి, పాత టికెట్లు కొన్ని ముందుంచి, దేనికి ఏ సాధనము నెన్నుకొందురో చూడుడు; వారు తడబడిన చోట వాక్యమును సవరింపుడు. భాషాపండితులారా, ఆ వాక్యములు ఇంగ్లీషున నుండుగాక, సందిగ్ధతను పసిగట్టు చూపు మీకు కలదు. ఆ సవరణకు మిమ్ము పిలిచినపుడు కాదనక వెళ్ళుడు.