సీడీ లేని ప్రింటరు

(ఖరగ్‌పూర్‌లో మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబాలు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి గృహరుణాల గురించి మాట్లాడితే సగంమంది కునికిపాట్లు పడ్డారని మా ఆవిడ ఇంటికెళ్లాక చెప్పింది. అందుకని ఈసారి మీరే ఏదైనా అడగండి, దాని గురించే మాట్లాడతానని గ్రూపులో పెట్టాను. అయిదు ప్రశ్నలు వచ్చాయి. అందులో మూడు ఒకటే: "ప్రింటర్ కొన్నాం, డబ్బాలో సీడీ లేదు, ఎలా పెట్టుకోవాలి?" నాలుగో వారికి సీడీ ఉంది, కానీ ల్యాప్‌టాప్‌లో దాన్ని పెట్టే చోటే లేదు. అయిదోది ట్రాన్స్‌ఫర్ల గురించి. దానికి నా దగ్గర జవాబు లేదు.

నేను చదివింది మేనేజ్‌మెంట్. ఐఐటీ ఉన్న ఊళ్లో నిలబడి కంప్యూటర్ గురించి మాట్లాడాలంటే కొంచెం జంకుగానే ఉంది. అయితే బ్రాంచిలో ప్రింటర్ మొరాయిస్తే క్యూలో ఉన్నవాళ్లు వచ్చి నిలబడేది నా టేబుల్ ముందే. ఈ విద్య అలా అబ్బింది.

సీడీలో ఉండేది డ్రైవర్ అనే ఒక ప్రోగ్రాము, అంతే. మన ఊళ్లో డ్రైవర్ అంటే రైలింజను నడిపే ఆయనే. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ నింపురా క్వార్టర్లలో ఇప్పటికీ డ్రైవరు గారే. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా సరే, కొత్త సెక్షన్‌లో బండి నడపాలంటే ముందు ఆ దారి నేర్చుకోవాలి. సిగ్నల్ ఎక్కడుంది, ఎత్తు ఎక్కడ, వేగం ఎక్కడ తగ్గించాలి, అన్నీ తెలియాలి. రోడ్ లెర్నింగ్ అంటారని రైల్వే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు నాకే చెబుతారు. కంప్యూటర్‌కు ప్రింటర్ కూడా అలాంటి కొత్త సెక్షనే. ఆ దారి నేర్పేదే డ్రైవర్. సీడీ దాన్ని తెచ్చే సంచి మాత్రమే. సంచి పోయిందని సరుకు లేకుండా పోదు.

దారి తెలిస్తే చాలదు, గేజ్ కూడా కలవాలి. మన నౌపడా-గుణుపురం లైను చాలాకాలం నారో గేజే కదా. ఆ బండిని తెచ్చి బ్రాడ్ గేజ్ మీద పెడితే నడవదు. కంప్యూటర్లలోనూ 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలున్నాయి. పాత సీడీ దాచుకున్నవాళ్లకు కూడా ఒక్కోసారి పని జరగకపోవడానికి కారణం ఇదే. సీడీ నాటి విండోస్ వేరు, మీ విండోస్ వేరు. సీడీ పోయిందని బాధపడొద్దు. ఉన్నా దానికంటే కొత్త డ్రైవరే వేసుకోమంటాను.

పక్కింటివాళ్ల డ్రైవర్ మనకు పనికొస్తుందా అని ఒకావిడ అడిగారు. ప్రింటర్‌ను బట్టి ఉంటుంది. బ్రాంచిల్లో కీచుమంటూ కొట్టే డాట్ మాట్రిక్స్ ప్రింటర్లకు చాలావాటికి ఎప్సన్ వారి భాష వచ్చు. ఒకే జాతి కాబట్టి అన్న డ్రైవర్ వేస్తే తమ్ముడు కూడా ఎంతో కొంత పలుకుతాడు. ఇళ్లలో బాగా కనిపించే ఎచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనన్ ఎల్‌బీపీ 2900 అలా కాదు. పేజీని తయారుచేసే పని చాలావరకు కంప్యూటర్‌దే, వాటి భాష వాటిదే. 1020 అయితే మరీ విచిత్రం. స్విచ్ వేసిన ప్రతిసారీ తన లోపలి ప్రోగ్రామును కూడా కంప్యూటర్ నుంచే తెచ్చుకుంటుంది. సొంత డ్రైవర్ లేకపోతే దానిలోంచి ఒక్క అక్షరం రాదు. బాగున్న యంత్రాన్ని పాడైందనుకుని పాతసామాన్ల వాడికి వేసేవాళ్లున్నారు.

ఇక పని. ముందు ప్రింటర్ వెనకో, మూత కిందో ఉన్న చీటీ చూసి పూర్తి మోడల్ నంబరు కాగితం మీద రాసుకోండి. కంపెనీ పేరొక్కటే సరిపోదు, చివర ఉన్న చిన్న అక్షరం కూడా ముఖ్యమే. యూఎస్‌బీ కేబుల్ చాలా డబ్బాల్లో రాదు, విడిగా కొనాలి. ఒక చివర చదరంగా ఉండే రకం కావాలని అడగండి.

ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌కు కేబుల్ తగిలించి, ప్రింటర్ స్విచ్ వేసి, కాసేపు ఏమీ ముట్టుకోకుండా కూర్చోండి. మనవాళ్లకు కష్టమైన మెట్టు ఇదే. విండోస్ 10, 11 చాలా ప్రింటర్లకు డ్రైవర్‌ను తమంతట తామే తెచ్చుకుంటాయి. రాకపోతే సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ దగ్గరికి వెళ్లి యాడ్ డివైస్ నొక్కండి. అప్పటికీ కనబడకపోతే విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ అని ఒక మూల ఉంటుంది. అక్కడ డ్రైవర్ వచ్చి మన అనుమతి కోసం కాచుకుని ఉండొచ్చు.

కొత్త వైఫై ప్రింటర్లకు చాలావాటికి విడి డ్రైవరే అక్కర్లేదు. ఫోన్ నుంచి నేరుగా ప్రింటు తీసే ఎయిర్‌ప్రింట్‌ను యాపిల్ 2010లో తెచ్చింది. 2013లో కెనన్, ఎచ్‌పీ, శాంసంగ్, జెరాక్స్ కలిసి మోప్రియా అనే సంఘం పెట్టుకుని ఆండ్రాయిడ్ ఫోన్లకూ అలాంటి దారి వేశాయి. ప్రింటర్లన్నీ ఒక ఉమ్మడి భాష నేర్చుకుంటే ఎవరి సీడీ వారికి అవసరం లేదు కదా. వైఫై కలవడంలేదంటే మీ రౌటర్‌లో రెండు పేర్లున్నాయేమో చూడండి. చాలా ఇంటి ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ పేరే కనిపిస్తుంది, 5 గిగాహెర్ట్జ్ కనిపించదు.

ఇవేవీ కుదరనప్పుడు డ్రైవర్ కోసం నెట్‌లో వెతకాలి. బ్యాంకువాడిగా నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

మా బ్రాంచి ఖాతాదారు ఒకాయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు పలాస వైపు. నన్ను బాబూ అంటారు, నేను ఆయన్ని బాబాయి గారూ అంటాను. మనవరాలి స్కూలు పనులకని ప్రింటర్ కొన్నారు. సీడీ లేదు. ప్రింటర్ పేరు, పక్కన డ్రైవర్ అని కొట్టి వెతికితే అన్నిటికంటే పైన వచ్చిన దాన్ని నొక్కారు. అది ప్రకటన. లోపల అచ్చం కంపెనీ పేజీలాగే రంగులు, బొమ్మలు. మోడల్ నంబరు, ఫోన్ నంబరు అడిగింది, ఇచ్చారు. ఒక గీత మెల్లగా నిండుతూ ఎనభై శాతం దగ్గర ఆగి, ఎర్రగా మారి, ఈ నంబరుకు ఫోన్ చేయండి అంది. ఆయన చేసేలోపే అటునుంచే ఫోన్ వచ్చింది.

మర్యాదైన హిందీ. సార్ అంటూ ఒక యాప్ వేయించారు. ఆ యాప్‌తో మన తెర వాళ్లకు కనబడుతుంది, మన మౌస్ వాళ్ల చేతిలో ఉంటుంది. పది రూపాయలు రిజిస్ట్రేషన్ అన్నారు. ఈయన కార్డు నంబరు కొట్టారు. ఓటీపీ వస్తే అదీ కొట్టారు. మొదటి మెసేజీ ఇరవై నాలుగు వేలు. సర్వర్ పొరపాటు సార్, వెనక్కి వేస్తున్నాం, ఇంకో ఓటీపీ వస్తుంది అన్నారు. రెండో మెసేజీ ఇరవై అయిదు వేలు. వంటింట్లోంచి వచ్చిన పిన్నిగారు ఆ ఫోన్ కేసి ఒకసారి చూసి, ఏమీ అడగకుండా గోడకున్న రౌటర్ తీగ పీకేశారు. ఆ ఇంట్లో ఆ రోజు సరైన పని చేసింది ఆవిడే.

రిక్షా కట్టించుకుని బ్రాంచికి వచ్చారు. కార్డు ఆపాం. ఆయన ఫోన్ నుంచే 1930కి చేయించాం. రెండో మొత్తం ఇంకా దారిలో ఉండగా నిలిచిపోయింది, కొన్ని వారాలకు ఖాతాలోకి వచ్చింది. మొదటిది రాలేదు. ఆయన కుర్చీలో కూర్చుని ఒకే మాట మళ్లీ మళ్లీ అన్నారు: "నాన్సెప్పకముందే పింటరు పేరు సెప్పీసినాడు బాబూ. కంపినీవోడు కాకపోతే ఆడికెలా తెలుస్తాదీ?"

ఆ పేరు ఆ పేజీలో కొట్టింది ఆయనే. అది నేను చెప్పాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

చదువుకోనివాళ్లే మోసపోతారని మనం అంటుంటాం. నేను ఒప్పుకోను. ముప్పై అయిదేళ్లు మైక్రోమీటర్ పట్టుకుని కొలతలు చూసిన మనిషి ఆయన. సగం పూర్తయిన పని ఎదురుగా ఉంటే, పూర్తిచేస్తానని వచ్చినవాణ్ని ఎవరైనా నమ్ముతారు. ఇలా దూరం నుంచి తెరను నడిపే యాప్‌లతో జరుగుతున్న మోసాల గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులను హెచ్చరించింది. ఆ హెచ్చరిక మన ఫైళ్లలోకి వచ్చినంత త్వరగా మన ఇళ్లలోకి రాలేదు.

కాబట్టి వెతికే పెట్టెలో డ్రైవర్ అని కొట్టకండి. కంపెనీ చిరునామాను పైన అడ్రసు గడిలో మీరే టైపు చేయండి. ఎచ్‌పీ డాట్ కామ్, ఎప్సన్ డాట్ కో డాట్ ఇన్, బ్రదర్ డాట్ ఇన్, కెనన్‌కైతే ఇన్ డాట్ కెనన్. అందులో సపోర్ట్, ఆ తరవాత మోడల్ నంబరు, ఆ తరవాత మీ విండోస్ రకం. డ్రైవర్ ఉచితం, దానికి రూపాయి కూడా అడగరు. తెర మీద మెరిసే నంబరుకు ఫోన్ చేయొద్దు. చేయాల్సి వస్తే వారంటీ కార్డు మీద అచ్చయిన నంబరుకే చేయండి.

డబ్బు పోతే? ముందు బ్యాంకుకు, వెంటనే 1930కి. 2017 జులై 6న వచ్చిన రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ప్రకారం, మన ప్రమేయం లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెబితే భారం మన మీద పడదు. ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే మనం బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనది, చెప్పాక జరిగింది బ్యాంకుది. అంటే ఇంట్లో అబ్బాయి ఏమంటాడో, కోడలు ఏమనుకుంటుందో అని దాచిపెట్టిన ప్రతి గంటకూ ఖరీదు ఉంది. బాబాయి గారు రిక్షా ఎక్కారు కాబట్టి సగం మిగిలింది.

పిల్లల తెలుగు పనుల కోసం ఇంకొక్క మాట. ఊళ్లో బంధువులు అను ఫాంట్లలో టైపు చేసి పంపిన ఫైలు మన కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది. అది ప్రింటర్ తప్పు కాదు, డ్రైవర్ మార్చినా పోదు. పీడీఎఫ్ చేసి పంపమనండి. మీరు టైపు చేస్తే యూనికోడ్‌లో చేయండి. విండోస్ ఎక్స్‌పీ నాటినుంచే తెలుగు ఫాంటు అందులో ఉంది. బ్రాంచి కంప్యూటర్ల సంగతి మాత్రం వేరు. అక్కడ ఇంటి పెన్‌డ్రైవ్‌తో ఏ డ్రైవరూ వేయకండి, ఐటీ విభాగానికే చెప్పండి.

టీ వచ్చినట్టుంది. మోడల్ నంబరు రాసుకొచ్చినవాళ్లు ల్యాప్‌టాప్‌తో ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. కేబుల్ నా దగ్గర ఒకటే ఉంది, వరసగా చూద్దాం.