కథ చెప్పిన ప్లేట్లు

ఏ మాస్టారిని తలచుకోవడానికి ఇవాళ ఇక్కడ కూడామో, ఆయన టోలిచౌకి ఇంట్లో ఆదివారం పొద్దున్నే చాప పరిచి, వీధి పిల్లలందరినీ కూర్చోబెట్టి గ్రామఫోనుకు కీ ఇచ్చేవారు. ఆ చాప మీద కూర్చున్నవాళ్లలో నేనొకణ్ణి. అందుకే పిల్లలకు కథ చెప్పిన ప్లేట్ల గురించి మాట్లాడతాను.

1877లో ఎడిసన్ తన యంత్రంలోకి పలికింది మేరీ గొర్రెపిల్ల గేయం. యంత్రం నేర్చిన మాట పిల్లల మాటే. మన దగ్గర ప్లేట్ల మీదికి పెద్దల నాటకం ముందు వచ్చింది. పది అంగుళాల లక్క ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మోగుతుంది. అందులో పద్యం ఇముడుతుంది, కథ ఇమడదు. నాటకాన్ని ముక్కలు చేసి సెట్లుగా అమ్మారు. మాస్టారు ప్లేటు తిరగేసి ముల్లు మార్చేదాకా నాటకంలో కృష్ణుడి రాయబారం ఆగేది. “తరవాత ఏమైందండీ?” అని మేం అడిగేవాళ్లం. ఆయన చెప్పేవారు కాదు. మమ్మల్నే ఊహించమనేవారు.

పిల్లల గొంతుకు పీట వేసింది రేడియో. మద్రాసు కేంద్రంలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, పిల్లలకు కథ చెప్పి ఊరుకోలేదు. పిల్లల చేతే పాడించారు, నాటకాలు ఆడించారు. 1945లో ‘బాల’ పత్రిక మొదలుపెట్టారు. ముళ్లపూడి వెంకటరమణ, బాపు చిన్ననాడు ఆ పుటల్లోనే కనిపించారు. మన బాలసాహిత్యంలో ఇంతకు మించిన పని జరగలేదని నా అభిప్రాయం.

ఇక సినిమా. చిత్తజల్లు పుల్లయ్యగారు 1934లో ‘లవకుశ’ తీశారు. 1936లో ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ పిల్లలతోనే నడిపించారు. మళ్లీ రంగుల ‘లవకుశ’కు పూనుకున్నారు. ఆయన ఆరోగ్యం చెడితే కుమారుడు సి.ఎస్.రావు పూర్తిచేశారు. అది 1963లో విడుదలైంది. తెర మీద నాగరాజు, సుబ్రహ్మణ్యం. వారికి గొంతులిచ్చి పాడింది లీల, సుశీల. మేం ఆ పాటలు ప్లేట్ల మీద విని, ఆ గొంతులు పిల్లలవే అనుకున్నాం.

ఎల్పీ రికార్డు వచ్చాక ఒక వైపే ఇరవై నిమిషాలు దాటింది. సంభాషణలకు చోటు దొరికింది. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ సినిమాలో కొండవీటి వెంకటకవి మాటలు పిల్లలకు కంఠతా వచ్చింది అలా వినే. అర్థం తెలియని సమాసాన్ని ఊపిరి తిప్పుకోకుండా చెప్పగలగడం మా బడిలో గొప్ప. పిల్లల కోసం చేయని రికార్డును పిల్లలు తమది చేసుకున్నారు. భాష అలా కూడా అబ్బుతుంది. కానీ రేడియో అన్నయ్య దారి ఇంతకన్నా పెద్దది. అక్కడ పిల్లలు వినడమే కాదు, తామే పలికారు.

మీ అటకల మీద ఇంకా ప్లేట్లుంటాయి. పాత సామాన్లవాడికి వేయకండి. లక్క ప్లేటును స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి. అరిగిన ముల్లు ఆనించకండి. పక్కనే ఫిల్మ్‌నగర్‌లో శబ్దం పని తెలిసిన వాళ్లున్నారు. వారికి నా మనవి ఒక్కటే. నెలకొక పూట ఈ ప్లేట్లకు ఇవ్వండి, వాటి మీది గొంతులను డిజిటల్‌లోకి భద్రంగా ఎక్కించిపెట్టండి. మాస్టారి పెట్టెలో మిగిలినవి నా దగ్గరున్నాయి. మొదట వాటినే తెస్తాను.