పాత నవల, కొత్త సినిమా – కథ ఎవరిది?



“సైన్సు సినిమాలా? అవి మగపిల్లలకోసమండీ, మనకెందుకూ!” అంటూ వుంటారు చాలామంది. నేనూ అలాగే అనేదాన్ని. 1991లో తాడేపల్లిగూడెంలో పిల్లల పోరు పడలేక ‘ఆదిత్య 369’కి బయల్దేరాను. మా అత్తగారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళాను.

ఆ సినిమాకు ప్రేరణ ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ నవల ‘ది టైమ్ మెషీన్’. 1895లో వచ్చింది. అందులో శాస్త్రజ్ఞుడు లక్షల ఏళ్ళు ముందుకు పోతాడు. మన సింగీతం శ్రీనివాసరావుగారు మాత్రం కాలయంత్రాన్ని మొదట వెనక్కి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకు నడిపించారు. తరువాతనే 2504వ సంవత్సరానికి. యంత్రం వెల్స్‌ది, ప్రయాణం మనదీనూ.

తిరిగొస్తూ రిక్షాలో నవ్వులాటకి అడిగాను, “అలాంటి బండి దొరికితే మీరెక్కడికి వెళతారత్తయ్యా?” అని. ఆవిడ కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. కాసేపు వూరుకుని, “పెళ్ళయి పడవెక్కిన రోజుకి పోతానమ్మాయ్. మా అమ్మ గట్టుమీద నిలబడి ఏదో చెప్పింది, గాలికి వినబడలా. అదేమిటో విని వచ్చేస్తా” అన్నారు. అన్నేళ్ళు ఒక ఇంట్లో వున్నాం, ఆ సంగతి నాకు తెలియదు. తెలియదంటే, ఎవరమూ అడగలేదు.

అప్పటినుంచీ ఏ సినిమా చూసినా, కథ ఎవరి నోట చెప్పిస్తున్నారా అని చూడడం నాకు అలవాటయింది. కొల్లేటి చాంతాడులా సాగదీయను; రెండే రెండు సినిమాల సంగతి చెబుతాను.

వెల్స్‌గారిదే ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’, 1897 నాటి నవల. అందులో కథంతా కనబడకుండా పోయిన శాస్త్రజ్ఞుడిదే. 2020లో లీ వానెల్ అనే దర్శకుడు తీసిన సినిమాలో కథ అతనిది కాదు. అతని చేతిలో నరకం అనుభవించి అర్ధరాత్రి ఇల్లు విడిచి పారిపోయిన స్త్రీది. పొయ్యిమీద పెనం పెట్టి ఆమె ఇటు తిరిగితే మంట దానంతటదే పెరుగుతుంది. “అతనిక్కడే వున్నాడు” అంటే ఒక్కరూ నమ్మరు, మతి చెడిందంటారు. ఒంటిమీద దెబ్బ కనబడకపోతే బాధ లేనట్లేనా? మన వీధుల్లోనూ ఇలాంటి ఇళ్ళు వుండవచ్చు కదా! భయపెట్టే సినిమా ఇది, చిన్నపిల్లలతో చూడకండి.

రెండవది ‘ఫ్రాంకెన్‌స్టైన్’. దీన్ని మేరీ షెల్లీ వ్రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమె వయస్సు పద్దెనిమిది. 1818లో పుస్తకం అచ్చయితే దానిమీద ఆమె పేరే లేదు. 1931లో హాలీవుడ్ వారు సినిమా తీసి, రచయిత్రి పేరు వేయవలసిన చోట భర్త పేరు పెట్టి ‘మిసెస్ పెర్సీ బి. షెల్లీ’ అని వేశారు! నవలలో శాస్త్రజ్ఞుడు ప్రాణం పోసిన ఆ జీవి గోడ చాటున మాటలు విని నేర్చుకుంటుంది, చదువుతుంది, తన గోడు చక్కగా చెప్పుకుంటుంది. ఆ సినిమాలో మాత్రం దానికి మూలుగూ గర్జనే మిగిలాయి. 2025లో గిలెర్మో డెల్ టోరో తీసిన సినిమాలో సృష్టించినవాడు తన కథ చెప్పాక, ఆ జీవి కూడా తన కథ తాను చెబుతుంది. ఈ సినిమాలో దానికి నోరు వచ్చిందన్నమాట.

నవలను మక్కీకి మక్కీగా తీశారా లేదా అన్నది పండితులు చూసుకుంటారు. మనం చూడవలసింది ఇంకొకటి వున్నది. పాత కథలో నోరెత్తని మనిషికి కొత్త సినిమాలో మాట దక్కిందా? అది దక్కితే ఆ మార్పు మంచిదేనని నేనంటాను.

మా అత్తగారు ఇప్పుడు లేరు. వాళ్ళమ్మ అన్న మాట ఏమిటో ఆవిడకు తెలియకుండానే పోయారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, ఇవాళ పని తెమిలాక ఆ ప్రశ్న ఒకసారి అడిగి చూడండి. దానికి కాలయంత్రం అక్కరలేదు. పక్కన కాసేపు కూర్చుంటే చాలు.

సెలవు.