కంటి బాధ: సెలవు దాకా ఆగేది, ఆగనిది

(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఇండస్ట్రియల్ ఏరియాలో గ్రైండర్ పట్టేవాళ్ళం, బస్సు నడిపేవాళ్ళం, ఇళ్ళల్లో వండిపెట్టేవాళ్ళం, మనందరికీ కళ్ళుంటేనే కూడు. అయినా పన్ను నొప్పికి పడే తొందర కంటికి పడం. "సెలవుకి ఊరెళ్ళినప్పుడు చూపించుకుందాంలే" అంటాం. కొన్ని కంటి బాధలు సెలవు దాకా ఆగుతాయి, కొన్ని ఆగవు. ఏది ఏదో తెలియాలంటే కన్ను ఎలా చూస్తుందో కాస్త తెలుసుకోవాలి.

కన్ను ఫోన్ కెమెరా లాంటిదే. ముందు కార్నియా అనే పల్చని అద్దంలాంటి పొర ఉంటుంది. వెనకాల కంటిపాప ఎండలో చిన్నదవుతుంది, చీకట్లో పెద్దదవుతుంది. దాని వెనక లెన్స్, అన్నిటికీ వెనక రెటీనా అనే తెర. తెర మీద పడిన బొమ్మను నరం మెదడుకు చేరవేస్తుంది.

బొమ్మ తెరకు ముందే పడితే దూరపువి మసక. నలభై దాటాక లెన్స్ బిగుసుకుంటుంది, ఫోన్‌ను చేయి చాపి చదువుతాం. అది చత్వారం. ఈ రెండింటికీ కళ్ళద్దాలు చాలు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో లక్షల మందికి అద్దాలు ఇచ్చింది ఇలాంటి చూపుకే. లెన్స్ మసకబారితే శుక్లం. ఎండకీ దుమ్ముకీ తెల్లగుడ్డు మీద కండ పెరుగుతుంది. ఇవి మెల్లగా వచ్చేవి. డాక్టరుకు చూపించి, ఆపరేషన్ కావాలంటే సెలవులో చేయించుకోవచ్చు.

ఇక ఆగనివి. సిమెంటు, సున్నం పడితే అక్కడికక్కడే రెప్పలు తెరిచి కనీసం పావుగంట నీళ్ళధారతో కడగాలి, ఆ తర్వాతే ఆస్పత్రి. ఇనుప రవ్వ గుచ్చుకుంటే నలపొద్దు, గుడ్డ కొసతో తీయనివ్వొద్దు, నేరుగా ఆస్పత్రికే. ఉన్నట్టుండి మెరుపులు, నల్ల చుక్కలు, తెర దించినట్టు చీకటి కనిపిస్తే రెటీనా ఊడుతోందేమో, ఆ రోజే చూపించాలి. వెల్డింగ్ వెలుగు తగిలితే కొన్ని గంటల తర్వాత, రాత్రిపూట, కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది. కాలింది కార్నియా. రూమ్మేట్ దగ్గరున్న చుక్కలు వేసుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. నీటికాసుల్లో చాలాసార్లు నొప్పి ఉండదు, పక్క చూపు మెల్లగా పోతుంది. పోయిన చూపు మళ్ళీ రాదు. షుగర్ ఉన్నవాళ్ళు చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి.

ఖతార్ కార్మిక చట్టం, 2004 నాటి 14వ నంబరు చట్టం, కంపెనీయే మనకు రక్షణ కల్పించాలని, దానికి జీతంలో కోయకూడదని చెబుతోంది. కాబట్టి సేఫ్టీ గాగుల్స్ అడగడం మన హక్కు. ఇచ్చాక నెత్తి మీదకు తోసేయకుండా కళ్ళకు పెట్టుకోవడం మన పని.

అత్యవసరమైతే 999కి ఫోన్ చేయండి. భాష రాదని, డ్యూటీ పోతుందని ఆగొద్దు. మాకు చెప్పండి, తోడు వస్తాం. మనం పంపే డబ్బు కోసమే కాదు, మన చూపు కోసం కూడా ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళున్నారు.

సెలవు.