గుండె చప్పుడు కాదు, గుండె బొమ్మ
(ఆరోగ్య సభలో చేసిన ప్రసంగం)



మా పక్క ఊళ్లో ఒక రైతు ఉన్నాడు. ఓ రాత్రి ఆయనకు ఛాతీ బరువెక్కింది. ఎడమ చెయ్యి లాగింది. చెమటలు పట్టాయి. "గ్యాసులే" అని సోడా తాగి పడుకున్నాడు. తెల్లారాక ఆస్పత్రికి పోతే గుండెపోటన్నారు. మందులిచ్చారు. తర్వాత 'ఎకో' పరీక్ష చేశారు.

ఎకో అంటే ఏమిటి? నూతిలోకి తొంగి కేకేస్తే ఆ కేక తిరిగి వినిపిస్తుంది కదా! అదే ఎకో. ఈ యంత్రం మన చెవికి వినపడని శబ్దాన్ని గుండె మీదికి పంపుతుంది. తిరిగొచ్చిన శబ్దంతో టీవీలో లాగా గుండె బొమ్మ కనిపిస్తుంది. స్వీడన్ దేశంలో 1953లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త ఈ పని మొదలుపెట్టారు. ఓడలు కట్టేచోట లోహంలో పగుళ్లు వెతికే యంత్రాన్ని వాళ్లు అరువు తెచ్చుకున్నారు.

ఈ పరీక్షలో కోత లేదు, నొప్పి లేదు. ఎడమవైపు తిరిగి పడుకోమంటారు. ఛాతీకి జెల్లీ రాసి చిన్న పరికరం ఆనిస్తారు. అంతే!

గుండె ఒక కండ. దానికీ రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే నాళాలు కొవ్వుతో పూడితే? కాలవ పూడితే చివరి మడి ఎండినట్టే, ఆ భాగం కండ దెబ్బతింటుంది. సరిగా ముడుచుకోదు. ఎకోలో అది కనిపిస్తుంది.

కాగితం మీద 'ఇ.ఎఫ్.' అని ఓ అంకె వేస్తారు. గుండె గదిలో నిండిన రక్తం నూరు పాళ్లనుకోండి. ఒక్కో కొట్టుకు అందులో ఎన్ని పాళ్లు బయటికి నెట్టిందో ఆ అంకె చెబుతుంది. 55 నుంచి 70 దాకా ఉంటే మంచిదే. నూటికి నూరు ఎవరికీ రాదు. 40 కన్నా తగ్గితే గుండె బలహీనపడినట్టు. మన రైతుకు 35 వచ్చింది. రాత్రే వెళ్లుంటే ఇంత కండ పోయేది కాదేమో!

ఒక్కమాట మరవద్దు. ఎకో చూపేది గుండె పనితీరు. నాళంలో పూడికను తేల్చి చూపేది యాంజియోగ్రాం. నాళం సన్నబడినా, ఊరికే ఉన్నప్పుడు గుండె బాగానే ఆడొచ్చు. అందుకే కొందరిని నడిపించి, ఆ వెంటనే ఎకో తీస్తారు. "ఎకో బాగుంది" అని నొప్పిని దాచుకోకండి. ఛాతీ నొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ రైతు బీడీ మానేశాడు. మాత్రలు మానలేదు. మూడు నెలలకు అంకె 45 అయింది. ఆ అంకెను ఆయనే చదివి ఇంటిల్లిపాదికీ చెప్పాడు. ఆయనా మనలాగే పెద్దయ్యాక చదువు నేర్చినవాడే!

మన కాగితం మనమే చదువుకుందాం. సెలవు.